దాలమ్మ మునుం

మొదటి మాట

రాసుకో. నా పేరు మజ్జి తవిటమ్మ. మెట్ట మీది ఐదో గూటిలో ఉంటాను. మీ కాగితాల్లో దాన్ని ఆవాసం అంటారు. కింద నీళ్లు, పైన అంతస్తు మీద అంతస్తు, అంతస్తు నిండా ఒంటరి గదులు. అలాంటిదాన్ని మేం గూడు అనే అంటాం.

నాకు చదువు రాదు. గోడలో ఉన్న ఈ ఫిర్యాదు యంత్రానికి చెబితే అది రాసి పైవాళ్లకు పంపుతుందట. నా మాటను బడిభాషలోకి దిద్దుతానంటోంది. దిద్దుకో. కానీ మనుషులు ఒకరితో ఒకరు అన్నవి మాత్రం అన్నవి అన్నట్టే ఉంచు. వాటి మీద చెయ్యి వేశావంటే ఈ గోడ బద్దలు కొడతాను.

నాకు తాఖీదు వచ్చింది. ఆటలో నేను కట్టిన బురదకాళ్ల ముఠాను రద్దు చేస్తారట. ముఠా పెద్దగా నన్ను తీసేస్తారట. కారణమేమిటంటే, మా ముఠా మనిషి ఎండు దాలమ్మ మూడో గూటిలో తన గదిలో పడిపోయింది. కాలూ చెయ్యీ మాటా పడిపోయాయి. నాలుగు రోజులు ఎవరికీ తెలియలేదు. అలా తెలియకుండా చేసింది నా ముఠా కట్టుబాటేనట.

దాలమ్మ నిన్ననే దొరికింది. దొరికింది మీకు కాదు, నాకు. ఆసుపత్రిలో ఉంది, ప్రాణం ఉంది.

ఆ గదిలో నేను చూసిందీ విన్నదీ చెబుదామని పొద్దుటి నుంచి ఈ గోడ ముందు కూర్చున్నాను. నోరు రావడం లేదు. డెబ్బై దాటిన మనిషిని, ఉప్పెన చూశాను, ఊరు మునగడం చూశాను. ఇలా ఎప్పుడూ నోరు పడిపోలేదు. ముందు ముఠా సంగతి చెబుతాను. అక్కడికి వచ్చేసరికి నోరు వస్తుందేమో.

రెండో మాట

ఆట పేరు వెయ్యి మడులు. గూళ్లలోని ముసలివాళ్లం రోజూ ఆడాల్సిందే. కళ్లజోడు పెట్టుకుని, చేతులకు తొడుగులు వేసుకుంటే గది పోయి నీళ్లు నిలిచిన మడి కనబడుతుంది. వరద వచ్చేలోగా మడంతా నారు నాటాలి. నాటితే మడి మనది, లేకపోతే వరదది. ఏ ఏ గూళ్లవాళ్లో అదే మడిలో ఉంటారు. అక్కడ ఎవరి బొమ్మ వాళ్లది. ఎలా కావాలంటే అలా పెట్టుకోవచ్చు.

తొడుగులకు ఇంకో పని ఉంది. చేతులు కదులుతుంటే మనిషి బాగున్నట్టు లెక్క. పొద్దుటి నుంచి పొద్దుగూకేదాకా కదలకపోతే కాపరి దగ్గర గంట మోగుతుంది, అతను వచ్చి తలుపు తీసి చూస్తాడు. తొడుగులు రాకముందు అంతస్తుకొక కాపరి ఉండి రోజూ తలుపు తట్టేవాడు. ఇప్పుడు గూటికి ఒక్కడే.

నేను మొదటిసారి మడిలోకి దిగిన రోజు ఏం చూశానో తెలుసా? జనం మొహం ముందుకు పెట్టి నాటుకుంటూ పోతున్నారు. నాటినదాన్ని నాటినట్టే తొక్కుకుంటూ! ఒకడి నారు ఒకడు లాక్కుంటున్నాడు. వరద వచ్చింది, అందరి మడీ పోయింది. నాకు ఒళ్లు మండిపోయింది.

“ఓలమ్మా! ఈ మడిలో ఊడుపుకెల్లిన ఆడదనేది ఉందేటి? ఉంటే పలకండే!” అని అరిచాను.

ఎడమవైపు నుంచి ఒక గొంతు పలికింది. “ఉన్నానప్పా. పోలమ్మని. సేతులున్నాయి, నడుమే నేదు.”

కుడివైపు నుంచి ఇంకొకటి. “ఏటా అరుపు? ఊడుపు సేత్తో సేస్తారా, నోటితో సేస్తారా?”

అదీ దాలమ్మ. బొమ్మ తాటిచెట్టంత, భుజాలు పహిల్వాన్‌లా. నోరు అంతకంటే పెద్దది. ఆ రోజు ముగ్గురం వరసగా నిలబడి, వంగి, వెనక్కి వెనక్కి నడుస్తూ నాటాం. పక్క మడిలో సరదాకు ఆడే కుర్రకారు నవ్వారు. “బురదకాళ్ల ముసిలోల్లు, ఎనక్కి నడుస్తన్నార్రోయ్” అని.

“అప్పా, పేరెట్టేసినారు. ఇంక మనం ఎతుక్కోనక్కర్నేదు” అంది దాలమ్మ.

అలా బురదకాళ్ల ముఠా అయింది. తర్వాత ఒక్కొక్కరే చేరారు. మగవాడు ఒక్కడే, గున్నయ్య. వాడు పూర్వం సంతల్లో గాజులమ్మేవాడు. ఊడుపు రాదు. దాలమ్మ నేర్పింది, తిట్టి తిట్టి.

ఇప్పుడు కట్టుబాటు. ఊడుపులో ఒక్కొక్కరు పట్టే వెడల్పును మునుం అంటాం. ఎవరి మునుం వారిది. కానీ ఒకతె వెనకబడితే పక్కవాళ్లు ఆమె మునుం అందుకోవాలి. అందరిదీ అయితేగానీ ఎవరూ గట్టెక్కకూడదు. ఎందుకు వెనకబడ్డావని మాత్రం అడగకూడదు. ఇది నేను కనిపెట్టింది కాదు, మా అమ్మ మేస్త్రిగా ఉన్న ముఠాలో కూడా ఇంతే. ఆడది మడిలో వెనకబడటానికి సవాలక్ష ఉంటాయి. ఒంట్లో బాగోకపోవచ్చు. రాత్రి మొగుడు కొట్టి ఉండొచ్చు. కడుపుతో ఉండి ఇంకా ఎవరికీ చెప్పకపోయి ఉండొచ్చు. అందరి ముందూ అడిగితే మడి మధ్యలో దాని పరువు తీసినట్టే. అందుకని అడగం. నోరు మూసుకుని మునుం అందుకుంటాం.

ఆటలో దానికి వీలుంది. పక్కదాని మణికట్టు రెండుసార్లు తడితే మన చేతులతో పాటే దాని చేతులూ ఆడతాయి. అంతే కాదు, దాని తొడుగు కదిలినట్టు కాపరి దగ్గర పడుతుంది. ఈ రెండో సంగతి అప్పటికి మాకెవరికీ తెలియదు. తెలిసి ఉంటే?

నీళ్లు తాగి వస్తాను. ఆగు.

మూడో మాట

మా దాలమ్మ ఎలాంటిదో చెప్పకపోతే మిగతాది మీకు అర్థం కాదు.

మడిలో నేను పాట ఎత్తుతాను, ముఠా అందుకుంటుంది. “ఒంగి ఒంగి నాటినాము ఓలమ్మో” అని నేనంటే, “నడుము మీద పొద్దు వాలె ఓలమ్మో” అని వాళ్లు అనాలి. దాలమ్మ ఏనాడూ అలా అనలేదు. “కూకుని మేస్త్రమ్మ కూత పెట్టె ఓలమ్మో” అనేది. ముఠా ముఠా పగలబడి నవ్వేది. నేను “నోర్ముయ్యే” అనేదాన్ని. “నువ్వు మూస్తే నాను మూస్తాను” అనేది. నేను నారు ఇటు వేయమంటే అటు వేసేది. ముఠా పెద్దరికం తనకే రావాలని ఏడాదికోసారి తగువు పెట్టేది. ఓడిపోయేది. మర్నాడు అందరికంటే ముందు మడిలో ఉండేది.

నాలుగు రోజుల కింద దాలమ్మ బొమ్మ మడిలో నారు పట్టుకుని నిలబడిపోయింది. వంగడం లేదు. పక్కనున్న పోలమ్మ నా వైపు చూసింది. నేను కళ్లతోనే సైగ చేశాను. పోలమ్మ మణికట్టు తట్టి దాలమ్మ మునుం అందుకుంది. మేం ఏమీ అడగలేదు. కట్టుబాటు అదే కదా.

కాసేపటికి దాలమ్మ గొంతు పలికింది. “ఒంగి ఒంగి నాటినాము” అని నేనెత్తితే, “నడుము మీద పొద్దు వాలె ఓలమ్మో” అంది. సరిగ్గా అంది. నేను ఆశ్చర్యపోయి, “ఏటే, బుద్ధొచ్చిందేటి?” అన్నాను.

“అలాగే అప్పా. నువ్వు సెప్పినట్టే సేద్దాం” అంది.

పోలమ్మ నవ్వింది. “తవిటప్పా, నీ పంట పండిపోనాది! దాలమ్మ దారికొచ్చీసినాది.”

నాకు ఎంత సంతోషమైందో! రాసుకో, దాచను. ఇన్నాళ్లకు దాని ముక్కుకు తాడు వేశాను అనుకున్నాను. ఆ రోజంతా దర్జాగా పాటలెత్తాను.

మర్నాడూ అంతే. నిలబడిపోయిన బొమ్మ, పోలమ్మ చేయి, తేనె పూసిన మాట. నారు ఇటంటే ఇటు, అటంటే అటు. గున్నయ్య తప్పు నాటినా తిట్టలేదు. “ఏటప్పా, వొదిన నన్ను తిట్టడం మానీసినాది” అని వాడు దిగులుపడ్డాడు. మూడో రోజు నాకూ తిండి సయించలేదు. అది నాతో అలిగిందా? లోపల ఏదో పెట్టుకుని కుమిలిపోతోందా? అడగకూడదు. అడగకుండా తెలుసుకోవాలి.

నాలుగో రోజు తిట్టాను. మామూలు తిట్టు కాదు. దాని మొగుడు ఉప్పెనలో పోయాడు, ఆ ఊసెత్తితే దాలమ్మ గట్టెక్కి మీద పడుతుంది. ఆ సంగతి ముఠా మొత్తానికి తెలుసు. నేను అందరి ముందూ, “నీ మొగుడు ఉప్పెనకి పోలేదే దాలమ్మా, నీ నోటికి జడిసి పోనాడు” అన్నాను.

మడంతా చేతులు ఆగిపోయాయి. పోలమ్మ “ఓలమ్మో” అంది. ఇంక రాలుతుంది పిడుగు అని తల వంచుకున్నాను.

“నిజమే అప్పా” అంది దాలమ్మ. “పొద్దెక్కిపోతంది, పని సేద్దాం.”

అక్కడికక్కడే కళ్లజోడు పీకేశాను.

నాలుగో మాట

మూడో గూటి కాపరిని గోడలోంచి పిలిచాను. తలుపు తీసి చూడమన్నాను.

“ఆవిడకేటి, బాగుంది. తొడుగులు ఆడతన్నాయి. మాట కూడా ఇనబడతంది” అన్నాడు.

“అది దాలమ్మ కాదురా.”

“మరెవులు?”

ఏం చెప్పను, దాలమ్మ మర్యాదగా మాట్లాడుతోంది, అందుకని తలుపు పగలగొట్టమనా?

తొడుగులు ఆడుతున్నాయన్నాడు కదా, వాటిని ఆడించేది పోలమ్మ చెయ్యేనని అప్పుడు తట్టింది. పోలమ్మను చేయి వదిలేయమన్నాను. వదిలినా గంట మోగడానికి పొద్దుగూకాలి. అంతసేపు ఆగలేక గూటికీ గూటికీ మధ్య నడిచే తీగబండి ఎక్కాను. ముసలివాళ్లం అనుమతి లేకుండా ఎక్కకూడదు. ఎక్కాను. ఆ తప్పు కూడా రాసుకో, పో. మూడో గూటిలో కాపరి కాలర్ పట్టుకుని దాలమ్మ తలుపు దాకా ఈడ్చుకెళ్లాను. “ఈ ముసిల్దానికి పిచ్చి” అనుకుంటూనే తీశాడు.

తలుపు తీయగానే పాట వినబడింది. “నడుము మీద పొద్దు వాలె ఓలమ్మో.” దాలమ్మ గొంతే.

కాపరి, “సెప్పినాను కదా, పాడుకుంటంది” అన్నాడు.

ఇన్నేళ్లలో నేను దాలమ్మను మనిషిగా చూడలేదు. తాటిచెట్టంత మనిషి కోసం చూశాను. మంచం పక్కన నేల మీద చిన్న పిట్టలాంటి మనిషి పడి ఉంది. ఒక వైపు మొహం జారిపోయింది. పెదవులు పగిలిపోయాయి. ఒక చేతికి తొడుగు ఉంది, ఆ చెయ్యి కదలడం లేదు. కళ్లజోడు ఊడి చెవి దగ్గర పడి ఉంది. పాట దానిలోంచి వస్తోంది. దాలమ్మ గొంతు, దాలమ్మ చెవిలో. దాలమ్మ నోరు మాత్రం మూసి ఉంది.

కళ్లు తెరిచే ఉన్నాయి.

నాలుగు రోజులూ అది విన్నది. మేం పాడటం విన్నది, నవ్వడం విన్నది. “దాలమ్మ దారికొచ్చీసినాది” అన్నది విన్నది. దాని మొగుడి మీద నేను వేసిన మాట విన్నది. ఆ మాటకు తన గొంతే “నిజమే అప్పా” అనడం విన్నది. లేచి నా జుట్టు పట్టుకోలేక, అక్కడే పడి విన్నది.

కాపరి గోడకు జారబడి కూర్చుండిపోయాడు. నేను కళ్లజోడును కాలితో తొక్కాను. మొదటి తొక్కుకు ఆగలేదు. రెండో తొక్కుకు ఆగింది.

“దాలమ్మా, నానే. తవిటమ్మని” అన్నాను.

దాని కంట్లోంచి నీరు జారి చెవిలోకి వెళ్లింది. అంతే, ఇంకేమీ చేయలేకపోయింది.

ఐదో మాట

దాలమ్మ ఈ మధ్యాహ్నం పోయింది.

ఆసుపత్రిలో నన్ను దగ్గరకు రానిచ్చారు. దీనికి ఎవరున్నారని అడిగారు. ఇంకెవరూ లేరు, నేనే అక్కనని చెప్పాను. చెయ్యి పట్టుకున్నాను. “తిట్టింది నిన్ను లేపడానికేనే, ఇంకెందుకూ కాదు” అన్నాను. విన్నదో లేదో.

ఈ రోజు ఇంతకంటే చెప్పను. యంత్రమా, నోరు మూసుకో. “మీకు ఓదార్పు పాట వినిపించనా” అంటావేం? నీకు సిగ్గు లేదు.

ఆరో మాట

ఇది నిజంగా జరిగింది. ముఠా మొత్తం సాక్ష్యం.

ఈ పొద్దున మడిలోకి దిగాం. పనికి కాదు. దాలమ్మ నిలబడే చోట గుమిగూడి ఏడుద్దామని. మా వాళ్లలో పోయినవాళ్ల గుణాలు చెప్పుకుంటూ ఏడవాలి. లేకపోతే పోయినవాళ్లు పోయినట్టు కాదు. వేరువేరు గూళ్లలో ఉన్నవాళ్లం ఒకచోట చేరి ఏడవాలంటే మాకు ఆ మడి తప్ప చోటు లేదు.

మడిలో దాలమ్మ ఉంది.

తాటిచెట్టంత బొమ్మ. చీర ఎగగట్టి, నారుకట్ట చంకలో పెట్టుకుని నిలబడి ఉంది. నన్ను చూసి, “రా అప్పా. ఆలీసమైపోనాది” అంది.

పోలమ్మ కూలబడిపోయింది. ఒకావిడ దేవుడి పేర్లు తలుచుకుంటూ గట్టెక్కి పారిపోయింది. నేను దగ్గరికి వెళ్లాను. ఈసారి ఎవరూ దాని మణికట్టు తట్టలేదు. చేతులు వాటంతట అవే ఆడుతున్నాయి. కుదురుకు కుదురు, ఎడం తప్పకుండా. వంగి మొహంలోకి చూశాను. నవ్వింది.

“ఎవులే నువ్వు?” అన్నాను.

“దాలమ్మనప్పా. పాటెత్తు.”

ఎత్తలేదు. నోరెలా వస్తుంది? నిన్న మధ్యాహ్నం నా చేతిలో చల్లబడిన మనిషి, ఇవాళ పొద్దున పాటెత్తమంటోంది! ఏడుద్దామని వచ్చినవాళ్లం. ఎదురుగా నిలబడి నారు నాటుతున్నదాన్ని చూస్తూ దాని కోసం ఎలా ఏడవాలి? ఒక్కరికీ కన్నీరు రాలేదు. అలాగే నిలబడిపోయాం.

ఏడో మాట

తాఖీదు పంపిన ఆట కార్యాలయం నుంచి హంసిని అనే అధికారిణి గోడలో కనబడింది. చిన్నపిల్ల. పొగరు లేదు. ఆ సంగతి కూడా చెప్పాలి, మాట తీరు మంచిదే.

“తవిటమ్మ గారూ, దాలమ్మ గారి విషయంలో మాకూ చాలా బాధగా ఉంది. తాఖీదు వెనక్కి తీసుకుంటున్నాం. ముఠా ఉంటుంది, పెద్దగా మీరే ఉంటారు” అంది.

“ఊరికేనా?”

“ఒక్క వేలిముద్ర కావాలి. గొంతు సౌకర్యానికి మీ ముఠా అంతా ఒప్పుకున్నట్టు.”

“ఏటా సౌకర్యం?”

“ఎవరైనా ఆగిపోయినప్పుడు వాళ్ల పాత మాటల్లోంచి గొంతు తయారుచేసి నింపుతాం. ఈ మధ్యే పెట్టాం. మడి బోసిపోకూడదని.”

“మాకు సెప్పినారా?”

“నిబంధనలు చదివి వినిపించామండీ. మీరు ‘సరే సరే, కానియ్యి, వరదొచ్చేస్తంది’ అన్నారు.”

అన్నాను. నిజమే. అనే ఉంటాను. ఎవరు విన్నారు అదంతా?

“పోయినదాని గొంతు తీసీయమ్మా. దాన్ని సచ్చిపోనీ” అన్నాను.

హంసిని, “ఒకరు పోతే ముఠాలో మిగతావాళ్లు మడికి రావడం మానేస్తారు. చేతులు ఆడవు. ఒక్కొక్కరే జబ్బు పడతారు. మా అమ్మమ్మ అలాగే పోయిందండీ. ఆ గొంతు ఉంటే మనుషులు వస్తున్నారు. అందుకే పెట్టాం” అంది.

ఆ పిల్ల అబద్ధం చెప్పడం లేదు. అందుకే నాకు ఇంకా భయం వేసింది.

ముఠాను గట్టు మీదికి పిలిచి సంగతి చెప్పాను. వేలిముద్ర వేస్తే ముఠా ఉంటుంది, దాలమ్మ గొంతూ ఉంటుంది. వేయకపోతే ఈ మడే ఉండదు, ఎవరి గది వాళ్లది, ఎవరి గోడ వాళ్లది.

గున్నయ్య ముందు నోరు విప్పాడు. “ఉండనీ అప్పా. నాకీ మడి తప్ప మనుసులెక్కడున్నారు? ఆ గొంతింటే వొదినే ఉన్నట్టుంది.”

కొందరు అవునన్నారు. నేను తిట్టలేదు. “సరే గున్నయ్యా. ఎల్లి మాటాడి రా” అన్నాను.

వాడు మడిలోకి దిగాడు. మేం గట్టు మీద నిలబడి విన్నాం.

“వొదినా, నాలుగు రోజులు నేల మీద పడున్నావు కదా. బాగా నొప్పెట్టిందా?”

“నాకేటీ నొప్పి నేదు గున్నయ్యా. పని సేద్దాం రా.”

“దాహమేసిందా?”

“నేదు గున్నయ్యా. నాకు బాగుంది.”

“నన్ను పిలిసినావా వొదినా? మమ్మల్నెవులినైనా పిలిసినావా?”

“నాకు బాగుంది గున్నయ్యా.”

గున్నయ్య నీళ్లలోనే నిలబడిపోయాడు. వెనక్కి వచ్చేసరికి వాడి మొహం నేను గుర్తుపట్టలేకపోయాను. బొమ్మకు మొహం మారదంటారు గానీ, మారింది.

“మాపెయ్యప్పా దాన్ని. ఏటైనా సెయ్యి. రేపు నాను పడిపోతే నాక్కూడా బాగుందనే సెప్తాది” అన్నాడు.

హంసినికి కబురు పెట్టాను. వేలిముద్ర వేయను. గొంతు ఆపండి, ముఠాను ఉంచండి. రెండూ కావాలి. పైవాళ్లు కుదరదన్నారట. వేలిముద్ర పడేదాకా కొత్తగా ఎవరి గొంతూ మాత్రం పెట్టరట. ఎల్లుండి నుంచి మడి మూసేస్తారట.

ఎల్లుండి కదా. రేపు ఇంకా ఉంది.

ఎనిమిదో మాట

ఇది చెబుతుంటే బయట గోలగా ఉంది. నువ్వు రాసుకుంటూ పో.

పొద్దున అందరం మడిలోకి వచ్చాం. కళ్లజోళ్లు పెట్టుకున్నాం. తొడుగులు మాత్రం వేసుకోలేదు, ఒడిలో పెట్టుకున్నాం. వరసలో నిలబడి కదలడం మానేశాం. ముఠా ముఠా వెనకబడింది. అందుకునేవాళ్లు ఎవరూ లేరు.

దాలమ్మ బొమ్మ ఒక్కతే వంగి నాటుతోంది. “రా అప్పా. పాటెత్తు” అంటోంది. మేం పలకలేదు. మధ్యాహ్నం వరద వచ్చింది. నాటిన నారు కొట్టుకుపోయింది. మా బొమ్మల మోకాళ్లు, నడుము, మెడ మునిగాయి. ఇన్నేళ్లలో మేం వదిలేసిన మొదటి మడి అది. మునిగిన మడిలో ఆ బొమ్మ ఇంకా నాటుతూనే ఉంది, నీళ్ల కింద నుంచి పాడుతూనే ఉంది. పోలమ్మ పళ్లు కటకటలాడటం నాకు వినబడింది. ఎవరూ కదలలేదు.

పొద్దుగూకింది. గంటలు మొదలయ్యాయి.

ఒకటి కాదు. మా గూటిలో, మూడో గూటిలో, నీళ్లకు అవతలి గూళ్లలో, మా వాళ్లున్న ప్రతిచోటా గంటలే. గూటికి ఒక్కడే కాపరి. మెట్ల మీద పరుగులు వినబడుతున్నాయి.

హంసిని గోడలోంచి పిలిచింది, కళ్లజోడు నుదుటి మీదికి ఎత్తి చూశాను. జుట్టు చెదిరిపోయి ఉంది. “తవిటమ్మ గారూ, దయచేసి తొడుగు వేసుకుని ఒక్కసారి చెయ్యి కదపండి. వీళ్లలో ఎవరికైనా నిజంగా బాగోకపోతే మాకు ఎలా తెలుస్తుంది?”

“తలుపు తీసి సూస్తే తెలుస్తాది.”

“ఇన్ని తలుపులు తీయడానికి మనుషులేరండీ?”

“ఎతుకు. ముందు ఆ గొంతాపు.”

“నా చేతిలో లేదు, పైవాళ్లను అడగాలి.”

“అడుగు తల్లీ. మేమెక్కడికి పోతాం?”

ఆ పిల్ల వెళ్లిపోయింది. కళ్లజోడు మళ్లీ దించుకున్నాను. గంటలు మోగుతూనే ఉన్నాయి. నా చేతులు ఒడిలో రాళ్లలా ఉన్నాయి. తొడుగు వేసి కదిపితే అయిపోతుంది. ఒక్క వేలు కదిపితే చాలు. కదపలేదు.

అప్పుడు ఆగింది. “నడుము మీద పొద్దు” అంటూ ఉండగా, మాట మధ్యలో. బొమ్మ చేతిలోని నారు నీళ్ల మీద తేలింది. బొమ్మ లేదు. దాలమ్మ నిలబడే చోట ఉత్త నీళ్లు.

ముందు పోలమ్మ గొంతు లేచింది.

“ఓలమ్మా దాలమ్మా, ఎల్లిపోనావా తల్లీ! నన్ను తిట్టీదెవులే ఇంక!”

ఇక ఆగలేదు. గున్నయ్య ఏడ్చాడు. అందరూ ఏడ్చారు. దాలమ్మ పొగరు చెప్పి, దాలమ్మ తగువులు చెప్పి, మెడలోతు నీళ్లలో నిలబడి ఏడ్చారు. నేనూ ఏడ్చాను. ఇదిగో, ఇప్పటికీ ఏడుస్తూనే చెబుతున్నాను. తొడుగులు మాత్రం వేయలేదు. గొంతు ఆగింది, సరే. రేపు మళ్లీ పెట్టరని నమ్మకమేమిటి? తలుపు తలుపూ తీసి, మనిషి మనిషినీ చూసేదాకా వేయం.

నా తలుపు కొడుతున్నారు. మా గూటి కాపరి. వాడితో ఇంకెవరో ఉన్నారు.

“అమ్మా, తవిటమ్మా! పలుకు!”

పలకను.

“లోపల మాటలినబడతన్నాయి కదా. బాగానే ఉన్నట్టుంది. పద, పక్క గదికి పోదాం.”

“మాటలకేటి? ఆ మూడో గూటిలో పాటే ఇనబడినాది. ఇరగ్గొట్టు.” ఇది రెండోవాడి గొంతు.

ఇదిగో, గడియ ఊగుతోంది. రాసుకో. ఊడింది. మనిషి లోపలికి వచ్చాడు. చెమటలు కక్కుతున్నాడు. నా మొహం చూశాడు. మాట్లాడకుండా మణికట్టు పట్టుకుని నాడి వెతుకుతున్నాడు. వాడి చెయ్యి వేడిగా ఉంది.

“సూసినావు కదా. సచ్చిపోలేదు” అన్నాను. “ఇక్కడే కూకుంటావేటి? పో, పక్క తలుపుకి. మావోల్లు ఇంకా సానామందున్నారు.”